రేబిస్: ఏ జంతువుకు సోకుతుంది, ఏ జంతువు వ్యాప్తి చేస్తుంది?

మేత మానేసిన గేదె నోటి నుంచి చొంగ కారుతుంటే, గొంతులో ఏదో అడ్డం పడిందని రైతు చెయ్యి లోపలికి పెట్టి చూడటం గ్రామాల్లో సాధారణమే. నెల కిందట పొలం గట్టున ఆ గేదెను ఒక కుక్క కరిచిందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండకపోవచ్చు. తెలిసినా, గాయం మానిపోయింది కనుక ఎవరికీ గుర్తుండకపోవచ్చు. రేబిస్ మనిషిని చేరే దారుల్లో ఇదొకటి. అదే ఊళ్లో ఎలుక కరిచిందని కలవరపడి ఆసుపత్రికి పరుగెత్తేవారు ఉంటారు. ఆడుకుంటూ కుక్కపిల్ల రక్కిన గీతను చూసి, పిల్లే కదా అని ఊరుకునేవారూ ఉంటారు. ఏ జంతువు వల్ల ఎంత ప్రమాదమో స్పష్టంగా తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధి నుంచి బతికి బయటపడినవారు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే.

క్షీరదాలకు మాత్రమే

రేబిస్‌ను కలిగించేది లిస్సావైరస్ ప్రజాతికి చెందిన వైరస్. సూక్ష్మదర్శినిలో తుపాకి గుండు ఆకారంలో కనిపిస్తుంది. పాలిచ్చి పెంచే జంతువులన్నింటికీ, అంటే క్షీరదాలకు, ఇది సోకగలదు. పక్షులు, పాములు, తొండలు, బల్లులు, కప్పలు, చేపలు, కీటకాల వల్ల మనిషికి రేబిస్ రాదు. కోడి పొడిచినా, కాకి తన్నినా, బల్లి మీద పడినా ఈ వ్యాధి గురించి ఆలోచించవలసిన పని లేదు.

కాటు ద్వారా కండరంలోకి చేరిన వైరస్ రక్తంలో ప్రయాణించదు. నరాల వెంట నెమ్మదిగా మెదడుకు పాకుతుంది. మెదడును ఆక్రమించిన తరువాత తిరిగి నరాల వెంటే లాలాజల గ్రంథులకు దిగుతుంది. అక్కడికి చేరాకే ఆ జంతువు కాటు మరొకరికి ప్రమాదకరమవుతుంది. అదే సమయంలో మెదడులో కలిగిన మార్పుల వల్ల జంతువు కారణం లేకుండా కరిచే స్థితికి వస్తుంది. నోట్లో వైరస్, మెదడులో ఉన్మాదం ఒకేసారి సిద్ధం కావడమే ఈ వ్యాధి మనుగడ రహస్యం. మనిషిలో కాటుకూ లక్షణాలకూ మధ్య సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల వ్యవధి ఉంటుంది. కొందరిలో వారం రోజులకే రావచ్చు, మరికొందరిలో ఏడాది దాటాక రావచ్చు. తలకు, ముఖానికి, మెడకు అయిన గాయాలు ఎక్కువ ప్రమాదకరమని వైద్యులు చెప్పడానికి కారణం అవి మెదడుకు దగ్గరగా ఉండటమే. చిన్నపిల్లల్లో ఈ తరహా గాయాలు ఎక్కువ. పిల్లల ఎత్తు కుక్క నోటికి అందే ఎత్తు.

సోకడం వేరు, నిలుపుకోవడం వేరు

ఏ జంతువులు రేబిస్‌ను వ్యాప్తి చేస్తాయన్న ప్రశ్నకు జాబితాతో సమాధానం చెబితే సగమే చెప్పినట్టు. ఆవుకు రేబిస్ సోకుతుంది, గుర్రానికి సోకుతుంది, ఏనుగుకూ సోకగలదు. అయితే ఆవు నుంచి ఆవుకు, గుర్రం నుంచి గుర్రానికి పాకుతూ వైరస్ తరాల తరబడి నిలిచి ఉండదు. వ్యాధి ఆ జంతువుతోనే ఆగిపోతుంది. కొన్ని జాతుల్లో మాత్రం అది ఒక జంతువు నుంచి అదే జాతికి చెందిన మరో జంతువుకు అంటుకుంటూ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. శాస్త్రవేత్తలు వీటిని వైరస్‌కు ఆశ్రయమిచ్చే జంతువులుగా గుర్తిస్తారు. ఒక ప్రాంతంలో ఆశ్రయ జంతువు ఏదో తెలిస్తే, టీకా ఎవరికి వేస్తే వ్యాధి ఆగుతుందో తెలుస్తుంది.

ఈ ఆశ్రయ జంతువు దేశదేశానికీ మారుతుంది. ఐరోపాలో చాలాకాలం ఎర్ర నక్క ఆ పాత్ర పోషించింది. అమెరికా తూర్పు ప్రాంతంలో రకూన్, మధ్య ప్రాంతంలో స్కంక్, ధ్రువ ప్రాంతంలో ఆర్కిటిక్ నక్క, లాటిన్ అమెరికాలో రక్తం తాగే వ్యాంపైర్ గబ్బిలం, దక్షిణాఫ్రికాలో పసుపు ముంగిస వైరస్‌కు నిలయాలు. తైవాన్‌లో దశాబ్దాల పాటు రేబిస్ లేదనుకున్న తరువాత 2013లో ఫెర్రెట్ బ్యాడ్జర్ అనే చిన్న అడవి జంతువులో అది బయటపడింది. 2024లో దక్షిణాఫ్రికా తీరంలో సీల్ జంతువులు అకారణంగా మనుషులను కరవడం మొదలుపెట్టాయి. పరీక్షిస్తే రేబిస్ అని తేలింది. సముద్ర క్షీరదాల్లో ఆ స్థాయిలో ఈ వ్యాధి కనిపించడం అదే మొదటిసారి.

ఆసియా, ఆఫ్రికా ఖండాల్లో మాత్రం ప్రధాన ఆశ్రయం కుక్కే. మనుషులకు వచ్చే రేబిస్ కేసుల్లో 99 శాతం వరకూ కుక్కల వల్లనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

భారతదేశంలో కుక్క

ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో 36 శాతం భారత్‌లోనే సంభవిస్తున్నాయన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చిన అంచనా. దాని ప్రకారం ఏటా 18,000 నుంచి 20,000 మంది మరణిస్తున్నారు. భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తలు 15 రాష్ట్రాల్లోని 60 జిల్లాల్లో జరిపిన ఇంటింటి సర్వే ఈ సంఖ్యను బాగా తగ్గించి, ఏటా 5,726 మరణాలుగా అంచనా వేసింది. టీకాలు అందుబాటులోకి రావడం ఈ తగ్గుదలకు ఒక కారణం కావచ్చు. సర్వేలో తేలిన మరో విషయం మరణాల సంఖ్య కంటే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. జంతువు కరిచినవారిలో దాదాపు ఐదో వంతు మంది ఒక్క టీకా కూడా వేయించుకోలేదు. కాట్లలో నాలుగింట మూడు వంతులు కుక్కలవే.

కుక్కలో వ్యాధి రెండు రూపాల్లో కనిపిస్తుంది. అందరికీ తెలిసినది ఉన్మాద రూపం. గమ్యం లేకుండా పరుగెత్తడం, ఎదురైన ప్రతిదాన్నీ, కర్రనూ రాయినీ కూడా కరవడం, గొంతు మారడం, చొంగ కార్చడం దీని లక్షణాలు. రెండోది మౌన రూపం. ఇందులో కుక్క ఒక మూలన పడుకుని ఉంటుంది. కింది దవడ వేలాడుతుంది, మింగలేకపోతుంది, క్రమంగా కాళ్లు చచ్చుబడతాయి. ఎముక గుచ్చుకుందేమోనని జాలిపడి నోరు తెరిచి చూసేవారు ఇక్కడే ప్రమాదంలో పడతారు. పిచ్చికుక్క అంటే వెంటపడి కరిచేదే అన్న ఊహ పాతుకుపోవడం వల్ల ఈ రెండో రూపం చాలామంది దృష్టికి రాదు. పిచ్చిపట్టిన కుక్క నీటిని చూసి భయపడుతుందన్నది కూడా నిజం కాదు. జలభీతి మనుషుల్లో కనిపించే లక్షణం. రేబిస్ సోకిన కుక్క నీళ్లలో ఈదుకుంటూ పోవచ్చు.

కుక్కపిల్లల విషయంలో నిర్లక్ష్యం మరీ ఎక్కువ. సాధారణంగా మూడు నెలల వయసులో కుక్కకు మొదటి రేబిస్ టీకా వేస్తారు. అంతకుముందు వీధిలోనో కాలువ పక్కనో దొరికిన పిల్లకు ఏ రక్షణా ఉండదు, దాని తల్లి ఆరోగ్యం గురించీ ఎవరికీ తెలియదు. మూడు నెలలు నిండని పిల్లల్లో కూడా రేబిస్ నిర్ధారణ అయిన సందర్భాలున్నాయి. వాటి పళ్లు సూదుల్లా సన్నగా ఉండటంతో గాటు కంటికి కనిపించదు, నొప్పీ ఉండదు. రక్తం రాలేదు కనుక ప్రమాదం లేదని కుటుంబం తీర్మానించుకుంటుంది. రక్తం రాని గీతలకు, పైపైన పడిన పంటిగాట్లకు కూడా టీకా అవసరమని వైద్య మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

పిల్లికి వ్యాధి ఎక్కువగా కుక్క నుంచే వస్తుంది. పిల్లుల మధ్య అది స్థిరంగా తిరిగే ఆధారాలు లేవు. అయినా మనిషికి సంబంధించినంత వరకు పిల్లి కాటు, రక్కు కుక్క కాటుతో సమానమే. పిల్లి తన పాదాలను నాకుతూ ఉంటుంది కనుక గోళ్ల మీద లాలాజలం ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేరు.

పశువులు, పాలు

ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలు, గాడిదలు, పందులు కుక్క కాటు వల్లనో నక్క కాటు వల్లనో ఈ వ్యాధికి గురవుతాయి. అదేపనిగా అరవడం, గొంతు బొంగురుపోవడం, చొంగ, వెనక కాళ్లు తూలడం, కొమ్ములతో దేన్నిబడితే దాన్ని పొడవడం కనిపిస్తాయి. పశువు మనిషిని కరవడం అరుదు. చేతిపై గీతలు, పగుళ్లు ఉన్న రైతు దాని నోట్లో చెయ్యి పెట్టినప్పుడు లాలాజలం గాయానికి తగలడమే ఇక్కడి అసలు ముప్పు. పశువైద్యులు, వారి సహాయకులు ముందుగానే టీకా వేయించుకోవాలని సూచించేది ఇందుకే. చనిపోయిన పశువును కోసినవారికి, మెదడు, వెన్నుపాము తాకినవారికి కూడా ప్రమాదం ఉంటుంది.

పాల విషయంలో భయం తరచూ హద్దు దాటుతుంది. ఒక గేదె రేబిస్‌తో చనిపోతే దాని పాలు, పెరుగు, మజ్జిగ తీసుకున్న ఊరంతా టీకా కోసం ఆరోగ్య కేంద్రం ముందు బారులు తీరిన వార్తలు దేశంలో అప్పుడప్పుడూ వస్తుంటాయి. కాచిన పాలలో వైరస్ బతకదు. పచ్చిపాలు తాగి మనిషికి రేబిస్ వచ్చినట్టు ప్రయోగశాలలో నిర్ధారణ అయిన దాఖలా లేదు. అయినప్పటికీ అనుమానం ఉన్న పశువు పాలను వాడరాదన్నదే నిపుణుల మాట.

అడవి జంతువులు, ఒక ముంగిస కథ

నక్క, తోడేలు, ముంగిస, ఎలుగుబంటి వంటి అడవి జంతువుల కాటును భారతీయ మార్గదర్శకాలు అత్యంత తీవ్రమైన మూడో వర్గంలో చేర్చాయి. వీటిలో తోడేలు కాటు భయంకరమైనది. అది తలను, మెడను లక్ష్యంగా చేసుకుంటుంది, గాయాలు లోతుగా ఉంటాయి. నగరాలు విస్తరిస్తూ పొదలను, మడ అడవులను తాకుతున్న చోట్ల నక్కలు, వీధికుక్కలు ఒకే చెత్తకుప్ప దగ్గర కలుస్తున్నాయి. 2024లో ముంబయి తూర్పు శివార్లలో నక్కల్లో రేబిస్ బయటపడటం ఈ సామీప్యానికి సూచన. కుక్క నుంచి అడవికి వ్యాధి వెళ్లడం మనిషికే కాదు, ఆ జంతువులకూ ఆపదే. ఇథియోపియాలోని బేల్ పర్వతాల్లో మాత్రమే ఎక్కువగా మిగిలిన అరుదైన తోడేళ్లు 1990ల ప్రారంభంలోనూ, మళ్లీ 2003-04లోనూ కాపరుల కుక్కల నుంచి వచ్చిన రేబిస్‌కు పెద్ద సంఖ్యలో బలయ్యాయి.

ముంగిస కథ భారతదేశంతో నేరుగా ముడిపడినది. 1872లో జమైకాలోని ఒక చెరకు తోట యజమాని ఎలుకల బెడద వదిలించుకోవడానికి కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసలను తెప్పించాడు. అవి పెరిగి, ఇతర కరీబియన్ ద్వీపాలకూ తరలాయి. ఎలుకల సంగతి ఎలా ఉన్నా, పక్షులకు, పాములకు అవి శాపంగా మారాయి. ఆ తరువాతి శతాబ్దంలో ప్యూర్టోరికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, గ్రెనడాలలో ఈ ముంగిసే రేబిస్‌కు ప్రధాన ఆశ్రయంగా తేలింది. అయితే వైరస్ కలకత్తా నుంచి వెళ్లలేదు. ముంగిసల్లో దొరికిన వైరస్ కుక్కల రకానికి దగ్గరి బంధువు అని జన్యు విశ్లేషణలు చూపించాయి. మొదట ముంగిసలు చేరిన జమైకాలో మాత్రం వాటిలో ఈ వ్యాధి స్థిరపడలేదు. ఒకే జంతువు ఒక ద్వీపంలో వాహకం, పక్క ద్వీపంలో నిరపాయం. జంతువు పేరును బట్టి మాత్రమే ప్రమాదాన్ని లెక్కగట్టలేమనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కోతుల సంగతి తెలుగు పాఠకులకు విడిగా చెప్పాలి. గుళ్ల దగ్గర, ఘాట్ రోడ్ల మీద, ఇప్పుడు ఇళ్ల మధ్య కూడా కోతి కాట్లు మామూలైపోయాయి. కోతికి రేబిస్ రావడం అరుదే గాని అసంభవం కాదు. అందువల్ల కోతి కరిచినా, రక్కినా టీకా వేయించుకోవలసిందే.

గబ్బిలం

గబ్బిలాల విషయం ఇంకా పూర్తిగా తేలనిది. అమెరికా ఖండాల్లో వాటి వల్ల మనుషులకు రేబిస్ రావడం సుపరిచితం. 1930లలో ట్రినిడాడ్ ద్వీపంలో జోసెఫ్ లెనాక్స్ పవాన్ అనే వైద్యుడు వ్యాంపైర్ గబ్బిలాలే పశువుల, మనుషుల మరణాలకు కారణమని నిరూపించాడు. కుక్క కాటు లేకుండా పక్షవాతంతో మనుషులు చనిపోతుంటే అంతకుముందు దాన్ని పోలియో అని పొరబడ్డారు. ఆస్ట్రేలియాలో 1996లో గుర్తించిన గబ్బిలాల లిస్సావైరస్ రేబిస్ వైరస్‌కు సోదర జాతి, లక్షణాలూ అవే.

దక్షిణాసియాలో రక్తం తాగే గబ్బిలాలు లేవు. గబ్బిలం వల్ల మనిషికి రేబిస్ వచ్చినట్టు భారత్‌లో తిరుగులేని నిర్ధారణ జరగలేదు. కాని శ్రీలంకలోని క్యాండీ సమీపంలో పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో ఒక కొత్త లిస్సావైరస్ దొరికింది, దానికి అక్కడి గన్నోరువ పేరే పెట్టారు. అదే జాతి గబ్బిలం తెలుగు పల్లెల్లో మర్రిచెట్లకూ, చింతచెట్లకూ వేలాడుతుంది. నాగాలాండ్‌లో జరిపిన పరిశోధనలోనూ గబ్బిలాల్లో ఈ తరహా వైరస్‌లు తిరుగుతున్న ఆనవాళ్లు కనిపించాయి. దీన్నిబట్టి గబ్బిలాలను చంపనక్కర లేదు. నేలపై పడి ఉన్న గబ్బిలాన్ని ఒట్టి చేతులతో పట్టుకోకపోవడం, అది కరిస్తే వైద్యుడికి ఆ సంగతి చెప్పడం చాలు.

ఎలుక, ఉడుత, కుందేలు

ఇవి క్షీరదాలే. ప్రయోగశాలలో వీటికి రేబిస్ సోకించవచ్చు కూడా. ప్రకృతిలో మాత్రం రేబిస్ ఉన్న ఎలుక, చుంచు, ఉడుత, కుందేలు కనిపించడం అత్యంత అరుదు. పిచ్చికుక్క నోటపడిన ఎలుక వ్యాధిని మోసేంత కాలం బతకదన్నది అందుకు చెప్పే కారణాల్లో ఒకటి. అందుకే ఇంట్లో ఎలుక కొరికితే సాధారణంగా రేబిస్ టీకా అవసరం ఉండదు. గాయం కడిగి, ధనుర్వాతం టీకా గురించి వైద్యుణ్ని అడగడం సరిపోతుంది.

మనిషి మాటేమిటి అన్నది మిగిలిన ప్రశ్న. రోగి లాలాజలంలో వైరస్ ఉంటుంది గనుక సేవ చేసేవారు చేతి తొడుగులు, మాస్కు వాడాలి. అయితే మనిషి నుంచి మనిషికి ఈ వ్యాధి నిర్ధారితంగా సోకినది దాదాపుగా అవయవ మార్పిడి సందర్భాల్లోనే. తెలియక చనిపోయిన రోగి కంటిపొరను అమర్చుకున్న వ్యక్తికి రేబిస్ వచ్చిన ఘటన 1978లో తొలిసారి నమోదైంది.

పది రోజుల గడువు ఎవరికి?

కరిచిన కుక్కను పది రోజులు గమనించాలన్న మాట చాలామంది విన్నదే. లాలాజలంలో వైరస్ ఉన్న కుక్క లేదా పిల్లి ఆ గడువులోగా జబ్బుపడి చనిపోతుందన్నది దీనికి ఆధారం. ఈ నియమం కుక్కకు, పిల్లికి తప్ప కోతికి, ముంగిసకు, నక్కకు వర్తించదు. అంతకంటే ముఖ్యంగా, పది రోజులు ఆగి అప్పుడు టీకా మొదలుపెట్టాలని దీని అర్థం కాదు. టీకా కాటు వేసిన రోజే మొదలుకావాలి. పది రోజుల తరువాత కూడా జంతువు ఆరోగ్యంగా తిరుగుతుంటే మిగిలిన మోతాదులపై వైద్యుడు నిర్ణయిస్తాడు. కరిచింది టీకా వేసిన పెంపుడు కుక్కే అయినా ఈ క్రమం మారదు. కరిచిన కుక్కను కొట్టి చంపితే గమనించే ఆ అవకాశమే పోతుంది.

అన్నింటికంటే ముందు చేయవలసినది గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగడం. వైరస్ చుట్టూ కొవ్వుతో కూడిన పొర ఉంటుంది, సబ్బు దాన్ని ఛేదిస్తుంది. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు పెట్టడం, గాయాన్ని గట్టిగా కట్టడం హాని చేస్తాయి. రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను గాయంలోనే, దాని చుట్టూ ఎక్కించాలి. టీకా వల్ల శరీరం సొంత రక్షణను తయారు చేసుకోవడానికి పట్టే రోజుల్లో వైరస్‌ను అక్కడే నిలువరించేది ఇదే. చర్మంలో వేసే పద్ధతిలో టీకా మొదటి రోజు, ఆపై 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అన్న పాత తరం జ్ఞాపకం గొర్రె మెదడు నుంచి తయారైన సెంపుల్ టీకా నాటిది. కసౌలీలో 1911లో రూపొందిన ఆ టీకా ఉత్పత్తి భారత్‌లో 2004 డిసెంబరులో ఆగిపోయింది. ఆ భయంతో ఇప్పటికీ ఆసుపత్రికి వెనకాడేవారు ఉన్నారు.

ఆశ్రయ జంతువులోనే ఆపడం

ఐరోపా నక్కలను చంపి రేబిస్‌ను ఆపాలని చాలాకాలం ప్రయత్నించి విఫలమైంది. 1978లో స్విట్జర్లాండ్ పరిశోధకులు కోడి తలల్లో టీకా మందు పెట్టి రోన్ లోయలో చల్లారు. నక్కలు తిన్నాయి, వ్యాధి ఆ లోయను దాటలేకపోయింది. 1999లో ఆ దేశం నక్కల రేబిస్ నుంచి విముక్తి పొందింది. మెక్సికో ఏళ్ల తరబడి కుక్కలకు సామూహికంగా టీకాలు వేసి, కుక్కల వల్ల మనుషులు రేబిస్‌తో చనిపోని దేశంగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు తెచ్చుకుంది.

ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడితే వైరస్ గొలుసు తెగిపోతుందన్నది ఈ అనుభవాల నుంచి వచ్చిన లెక్క. కుక్కలను పెద్దఎత్తున తొలగిస్తే ఖాళీ అయిన వీధుల్లోకి టీకా లేని కొత్త కుక్కలు చేరతాయి, గొలుసు మళ్లీ మొదలవుతుంది. భారత్‌లో గోవా ఈ మార్గంలో ముందు నడిచింది. ఇల్లిల్లూ, వీధి వీధీ తిరిగి కుక్కలకు టీకాలు వేసి, 2021లో రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించుకుంది. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలన్న జాతీయ కార్యాచరణ ప్రణాళిక అదే ఏడాది సెప్టెంబరు 28న, లూయీ పాశ్చర్ వర్ధంతి రోజున, విడుదలైంది. మనుషులకు, జంతువులకు వేసే రేబిస్ టీకాలు రెండూ హైదరాబాద్‌లోనే తయారవుతున్నాయి.